వాల్డా జేబులో సుద్ద

మా యారిక్ బౌలింగ్ క్లబ్బులో టీ బల్లలకు ఎదురుగా గోడకు ఒక చెక్క బోర్డు ఉంటుంది. ఏటా ఆడవాళ్ళ సింగిల్స్ గెలిచిన మనిషి పేరు దాని మీద బంగారు అక్షరాలతో రాయిస్తారు. టీ తాగుతూ తలెత్తితే కనిపించేది అదే. చాలా ఏళ్ళ పాటు దాని మీద ఒకటే పేరు, ఒకదాని కింద ఒకటి: వి. హార్క్‌నెస్, వి. హార్క్‌నెస్, వి. హార్క్‌నెస్. మధ్యలో ఒక్కచోట ఇంకెవరి పేరో ఉంటుంది. ఆ పేరు గురించి కొత్తవాళ్ళు అడిగితే, "అది నాకు ఆపరేషన్ అయిన ఏడాది" అనేది వాల్డా. గెలిచినావిడ పక్కనే కూర్చుని ఉన్నా సరే.

ఆ వాల్డా హార్క్‌నెస్ గురించే నేను చెప్పబోతున్నది. నా పేరు డాట్. మాది ముగ్గురి జట్టు. మొదటి బంతి నాది, రెండోది నొరీన్‌ది, చివరి బంతీ చివరి మాటా వాల్డావి. ఇరవయ్యేళ్ళ పైన అలాగే ఆడాం. మేం బంతి వెయ్యడానికి చాప మీద నిలబడితే, అవతలి చివర నుంచి వాల్డా చెయ్యెత్తి "ఇంకొంచెం ఎడంగా" అనో, "మెల్లిగా, మెల్లిగా" అనో కేకేసేది. సరిగ్గా పడితే తన తెలివి, తప్పితే మా చేతగానితనం.

ఆట సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. జాక్ అనే చిన్న తెల్ల బంతిని పచ్చిక మీద ముందు దొర్లిస్తాం. తర్వాత వేసే పెద్ద బంతుల్లో ఎవరివి దానికి దగ్గరగా చేరితే వాళ్ళకు లెక్క. ముందుగా ఇరవై అయిదు చేసినవాళ్ళది గెలుపు. బంతికి ఒక పక్క బరువెక్కువ కాబట్టి తిన్నగా పోదు, చివరికొచ్చేసరికి వంకర తిరుగుతుంది. అంతే. ఇంత చిన్న ఆట కోసం మా ఊళ్ళో తోడబుట్టినవాళ్ళు మాటలు మానేశారు.

వాల్డా వాళ్ళది గోధుమ పొలం. మొగుడు మెర్వ్ నెమ్మదైన మనిషి, రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఎనిమిది కుక్కతో. వాల్డా పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ చేసిన తెల్ల టోపీ కింద రెండు నీలి కళ్ళతో ఉండేది. మా స్కర్టు అంచు నేల నుంచి ఎంత ఎత్తున ఉండాలో నియమం ఉన్న రోజుల్లో, సీజను మొదట్లో అందరినీ వరసగా మోకాళ్ళ మీద నిలబెట్టి స్కేలుతో కొలిచింది ఆమే. స్కేలు పెట్టకముందే "డాట్, అంచు అర అంగుళం విప్పి దించు" అనేసేది. పెట్టి చూస్తే తేడా సరిగ్గా అర అంగుళమే ఉండేది.

ఆ కన్ను అలాంటిది. రెండు బంతుల్లో ఏది జాక్‌కు దగ్గరో తేలక మిగతా క్లబ్బుల్లో టేపులు లాగుతూ నేల మీద పాకుతుంటారు. మా దగ్గర "వాల్డాను పిలవండి" అనేవాళ్ళు. ఆమె వచ్చి, వంగకుండానే, "ఇది" అనేది. కొన్నాళ్ళకు టేపు తియ్యడమే మానేశాం. తన జట్టు ఓడిపోయే చోట కూడా ఉన్నదున్నట్టే చెప్పేది. ఆమె నోటికి ఎవరూ దణ్ణం పెట్టరు గాని, ఆ కంటికి మాత్రం అందరూ పెట్టేవాళ్ళు.

ఇలా ఉండగా ఊళ్ళో మందుల షాపును కొత్తాయన కొన్నాడు, మెల్‌బోర్న్ నుంచి వచ్చి. ఆయన భార్య లినెట్. యాభై దాటింది గాని దాటినట్టుండదు. ఒక శనివారం, ఇంకా సభ్యురాలు కూడా కాలేదు, టీ వేళకు ఒక డబ్బా పట్టుకుని వచ్చింది. మా క్లబ్బులో ఆడవాళ్ళందరూ ఇంటి నుంచి ఒక ప్లేటు తేవాలి. ఎవరేం తేవాలో ఎక్కడా రాసి ఉండదు, కానీ అందరికీ తెలుసు. నావి కోడిగుడ్డు సాండ్‌విచ్‌లు. నొరీన్‌వి సాసేజ్ రోల్స్. బల్ల నడుమ స్పాంజి కేకు వాల్డాది. బాతుగుడ్లతో చేసేది, జానెడు ఎత్తు పొంగేది, మధ్యలో మీగడ. ఇంకెవరూ స్పాంజి తేరు. లినెట్ డబ్బా మూత తీసింది. లోపల స్పాంజి.

వాల్డా చేతిలో కేకు కోసే కత్తి ఉంది.

"ఇది ఎవరు చేశారు?"

"నేనేనండీ. తేకూడదా?" అంది లినెట్.

"ఎందుకు తేకూడదూ. ఎవరిష్టం వాళ్ళది" అంది వాల్డా.

ఎవరిష్టం వాళ్ళది అని వాల్డా నోట వినడం నాకదే మొదటిసారి. ఆ రోజు లినెట్ డబ్బా ఖాళీ అయిపోయింది. వాల్డా ప్లేటులో రెండు ముక్కలు మిగిలాయి. మిగలడం ఎప్పుడూ లేదు. వాటిని మూటగట్టుకుంటూ "మెర్వ్‌కు ఇష్టం, కావాలనే ఉంచాను" అంది.

తిరిగి వెళ్ళేటప్పుడు నేను ఆమె కారులోనే వెళ్ళేదాన్ని. ఊరు దాటకముందే మొదలుపెట్టింది.

"అది ఇంట్లో చేసింది కాదే డాట్. కొనుక్కొచ్చి డబ్బాలో పెట్టింది."

"తిన్నావా?"

"నాకేం ఖర్మ?"

తిన్నది. రెండు ముక్కలు. గట్టిగా నమిలి మరీ తిన్నది, నేను చూశాను.

విచిత్రమేమిటంటే లినెట్‌కు ఆట నేర్పింది వాల్డాయే. ఆవిడ వచ్చి "మీ దగ్గరే నేర్చుకోవాలని ఉందండీ, అందరూ మీ పేరే చెబుతున్నారు" అని అడిగితే కాదనలేకపోయింది. పొగడ్త అంటే వాల్డాకు వేడి వేడి టీ లాంటిది, ఎవరు పోసినా తాగేది. మోకాలు ఎలా వంచాలో, బంతిని నేలకు ఎలా ఆనించి వదలాలో అన్నీ చూపించింది. లినెట్‌కు మొదటి వేసవికే చెయ్యి కుదిరింది. రెండో వేసవికి మగవాళ్ళు కూడా బీరు గ్లాసులు పట్టుకుని గట్టు మీదకొచ్చి చూడటం మొదలుపెట్టారు. ఆవిడ బంతి వదిలితే చప్పుడు ఉండేది కాదు. ఓడిపోతే నవ్వేది. వాల్డాకు అన్నిటికంటే మంట పుట్టించింది ఆ నవ్వే.

వాల్డాకు అసూయ పుట్టింది. ఇంత మాట అనడానికి చుట్టూ తిరగడం నాకు చేతకాదు. కడుపులో కుంపటి పెట్టుకున్నట్టు తిరిగేది. లినెట్ కొత్త బూట్లు వేసుకొస్తే "బూట్లు ఆడతాయా ఏమిటి" అనేది. ఒంట్లో బాగాలేక ఒక శనివారం రాకపోతే "మందుల షాపు ఉంచుకుని రోగమేమిటి" అనేది. ఇంట్లో ఆమె రోజుకో స్పాంజి చేసి చూసుకుంటోందని, బాతులు కూడా అలిసిపోయాయని మెర్వ్ నాతో అన్నాడు. ఆయన అన్న ఎక్కువ మాటల్లో అదొకటి.

ఆ ఏడాది సింగిల్స్ సెమీఫైనల్లో వాల్డాకు ఎదురు లినెట్ పడింది. ఎండ కాల్చేస్తున్న రోజు. ఇరవై నాలుగు, ఇరవై నాలుగు దాకా వచ్చి, ఒక్క లెక్కతో లినెట్ గెలిచింది. చెయ్యి కలిపి, "ఇదంతా మీరు నేర్పిందేనండీ" అంది. మనస్ఫూర్తిగానే అంది. అదే పుండు మీద కారం చల్లినట్టయింది. కారులో వాల్డా ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. చేరాక మాత్రం, "నేర్పానుట" అంది.

ఇక్కడ మా క్లబ్బు రివాజు ఒకటి చెప్పాలి. సెమీఫైనల్లో తక్కువ తేడాతో ఓడినవాళ్ళు ఫైనల్‌కు మార్కర్‌గా నిలబడాలి. మార్కర్ జాక్ పక్కన ఉంటుంది. నోరు మెదపకూడదు. ఆడేవాళ్ళు అడిగితేనే, అడిగినదానికే జవాబు. చెయ్యాల్సిన పని ఒకటే ముఖ్యం: దొర్లి వచ్చిన బంతి జాక్‌ను ఏ మాత్రం తాకినా, వెంటనే దాని మీద సుద్దతో గీత పెట్టాలి. పచ్చిక చివర ఒక గాడి ఉంటుంది. సుద్ద గీత ఉన్న బంతి ఆ గాడిలో పడినా బతికే ఉన్నట్టు లెక్క. గీత లేనిది పడితే చచ్చినట్టే, తీసి గట్టు మీద పెడతారు.

ఫైనల్ లినెట్‌కూ నొరీన్‌కూ. అవును, మా నొరీన్‌కే. ఎన్నో ఏళ్ళుగా వాల్డా చెప్పిన చోట బంతి వేసి, ప్రతి శుక్రవారం క్లబ్బు ఊడ్చి, కుర్చీ ఎక్కి ఆ బోర్డును మెత్తని గుడ్డతో తుడిచే నొరీన్. ఆ ఏడాది ఆమెకు ఎలాగో కలిసొచ్చింది. వాల్డా సంబరానికి అంతులేదు. "చావగొట్టెయ్యవే నొరీన్" అని వీపు మీద చరిచింది. నొరీన్ గెలవాలని కాదు, లినెట్ గెలవకూడదని.

ఆట చివరికొచ్చేసరికి మళ్ళీ ఇరవై నాలుగు, ఇరవై నాలుగు. నేనప్పుడు వంటగదిలో నీళ్ళు మరగబెడుతున్నాను, చూడలేదు. జరిగింది తర్వాత తెలిసింది, ఇప్పుడే చెప్పేస్తాను. జాక్ గాడికి బెత్తెడు దూరంలో ఉంది. నొరీన్ బంతి ఒకటి దానికి రెండడుగుల పక్కగా ఉంది, అదే అన్నిటికంటే దగ్గర. లినెట్ చేతిలో ఆఖరి బంతి. అది మెల్లగా వంపు తిరిగి, జాక్‌ను గాలి సోకినట్టుగా రాసుకుని, ముందుకు పోయి గాడిలో పడింది. జాక్ కదిలిందా అంటే కదల్లేదు, వణికింది. అది చూసింది ఒక్క వాల్డా.

గీత పెడితే ఆ బంతి జాక్ వెనకే, బెత్తెడు దూరంలో, లినెట్‌ది గెలుపు. వాల్డా గీత పెట్టలేదు. గాడిలోకి వంగి, బంతి తీసి, గట్టు మీద పెట్టింది.

లినెట్ నడుచుకుంటూ వచ్చి గట్టు మీది బంతిని చూసి, నవ్వి, "వెంట్రుకవాసిలో పోయింది" అని నొరీన్‌ను కౌగిలించుకుంది.

నిజంగా కథ మొదలైంది ఆ తర్వాతే. అసూయకు ఒక ఇల్లంటూ ఉండదు, అద్దెకుంటుంది. లినెట్ ఓడిపోగానే వాల్డా కడుపు చల్లబడాలా? పదిహేను రోజులు చల్లగానే ఉంది. తర్వాత మాంసం కొట్టతను కిటికీలో నొరీన్ ఫోటో పెట్టాడు, కింద "మా ఛాంపియన్" అని రాసి. వాల్డా గెలిచిన ఏ ఏడూ అతను పెట్టలేదు. పక్క ఊరి నుంచి పెయింటర్ వచ్చి బోర్డు మీద "ఎన్. డోయల్" అని దిద్దాడు. శీతాకాలమంతా వాల్డా టీ బల్ల దగ్గర ఆ పేరును చూస్తూ కూర్చుంది.

"ఆ 'ఎన్' వంకరగా లేదూ?" అని నన్నడిగింది ఒకరోజు.

"లేదు."

"ఉంది. సరిగ్గా చూడు."

వంకరగా లేదు. వాల్డా కన్ను తప్పు చూడటం అదే మొదలు.

నొరీన్ కూడా మారింది, అబద్ధమెందుకు. జుట్టు కత్తిరించుకుంది. సాసేజ్ రోల్స్ మానేసి చీజ్ ప్లేటు తేవడం మొదలుపెట్టింది. బోర్డు తుడవడం మాత్రం మానలేదు, తన పేరు దగ్గర కొంచెం ఎక్కువసేపు తుడిచేది. కమిటీవాళ్ళు కొత్త సీజనుకు జట్లు వేసినప్పుడు మా ముగ్గురిలో చివరి బంతి ఛాంపియన్‌కు ఇచ్చారు. వాల్డాను రెండో స్థానానికి దించారు. ఎవరూ ఆమెకు ముందుగా చెప్పలేదు. చీటీ గోడకు అంటించి ఎవరి దారిన వాళ్ళు జారుకున్నారు.

సీజను తొలిరోజు. చాప మీద వాల్డా. అవతలి చివర నొరీన్, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

"ఇంకొంచెం ఎడంగా, వాల్డా! మెల్లిగా, మెల్లిగా!"

మాట వాల్డాదే, గొంతు నొరీన్‌ది. వాల్డా బంతి వేసింది. ఇరుగ్గా పోయి ఎక్కడో పడింది. నేను ఆకాశం కేసి చూశాను. టీ వేళ అందరం బల్ల చుట్టూ చేరాక నొరీన్ కప్పులో చెంచా తిప్పుతూ అననే అంది, "ఎడంగా వెయ్యమన్నాను కదే. నువ్వెప్పుడూ ఇరుగ్గానే వేస్తావు."

వాల్డా లేచి నిలబడింది.

"నాకు నేర్పుతున్నావా? నువ్వు? అక్కడ నీ పేరుందంటే అది నా చలవ! ఆ బంతి తగిలింది. లినెట్ ఆఖరి బంతి జాక్‌కు తగిలింది. నేను చూశాను. గీత పెట్టలేదు. నీ గెలుపు నీది కాదే నొరీన్, నేను పారేస్తే ఏరుకున్నావు!"

నా చేతిలో సాండ్‌విచ్ ఉంది. అది పట్టుకుని అలాగే ఉండిపోయాను. అందరం నొరీన్ ఏడుస్తుందనుకున్నాం. ఆమె కప్పు సాసరులో పెట్టింది.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు జేబులో చెయ్యి పెట్టావు. సుద్ద కోసం. నేను నీ ముందు ఎన్నేళ్ళు ఆడానే వాల్డా, ఆ చెయ్యి జేబులోకి ఎందుకు పోతుందో నాకు తెలీదా? పెట్టావు, కాసేపు ఆగావు, ఖాళీ చెయ్యి బయటికి తీశావు. అంత దూరం నుంచి జాక్ కనపడదు గాని నువ్వు కనపడతావు."

"మరి నోరెందుకు మూసుకున్నావు?"

"ప్రతి శుక్రవారం నీ పేరు తుడిచాను గనక" అంది నొరీన్. "ఒక్కటి నాది కూడా తుడుచుకోవాలనిపించింది. కుళ్ళు నీ ఒక్కదానికే ఉంటుందా?"

అప్పుడు మాట్లాడింది లినెట్. బల్ల అవతలి చివర కూర్చుని ఉంది, ఆ రోజు నవ్వలేదు.

"నాకూ అనుమానం వచ్చింది. అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగే హక్కుంది కదా, అడిగితే మీరు అబద్ధం చెప్పరు. కానీ నేను క్లబ్బుకొచ్చిన కొత్తలో మీరందరూ నాకు చెప్పిందొకటే. మార్కర్ వాల్డా అయితే అడగక్కర్లేదు, అడిగితే అవమానం అన్నారు. అందుకని అడగలేదు."

వాల్డా టోపీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నన్ను కారెక్కించుకోవడం కూడా మర్చిపోయింది. వేరేవాళ్ళ ట్రక్కు వెనక కూర్చుని, గొర్రెలాగా ఇల్లు చేరాను.

ఫలితం మారలేదు. ఆట అయిపోయి చేతులు కలిపాక ఎవరేం చెప్పినా చెల్లదు. నొరీన్ పేరు బోర్డు మీద అలాగే ఉంది. తుడవడం మాత్రం మానేసింది. వాల్డా కొన్ని వారాలు రాలేదు. ఒక మధ్యాహ్నం నేనే వాళ్ళ పొలానికి వెళ్ళాను. వంటింట్లో బల్ల మీద స్పాంజి కేకు, నడుమ గుంట పడి ఉంది.

"ఎందుకు చేశావే?" అన్నాను. కేకు గురించి కాదని ఆమెకు తెలుసు.

"ఆవిడంటే కుళ్ళు. చెప్పుకోడానికి సిగ్గేస్తోంది, కానీ అంతే. నేను బతుకంతా కష్టపడి కుదుర్చుకున్నది ఆవిడకు నవ్వుతూ వచ్చేస్తోందే. ఆ చెయ్యి జేబులో ఉన్నంతసేపూ గీత పెడదామనే అనుకున్నాను డాట్. ఒట్టు. వేళ్ళు సుద్ద మీదే ఉన్నాయి." కేకు పక్కకు నెట్టి, "గెలిచినన్ని ఏళ్ళూ నన్ను చూసి ఎవరూ అలా గట్టు మీదికి రాలేదు. తెలుసా నీకు?" అంది.

తెలుసు. నేనూ రాలేదు మరి. వంటగదిలో ఉండేదాన్ని.

తర్వాతి శనివారం ఆమె క్లబ్బుకు వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. రెండు బంతుల్లో ఏది దగ్గరో తేలనప్పుడు ఎవరో వెళ్ళి టేపు తెచ్చారు. వాల్డా పక్కనే నిలబడి ఉంది. ఆమెను అడగలేదు. ఆమె టోపీ సర్దుకుంది, అంతే. నేను ఆమెను అలా ఎప్పుడూ చూడలేదు, చూడలేకపోయాను.

ఇక మిగిలింది నా కథ. ఆ వేసవిలో నా బంతులకు ఏం పూనిందో, వేసినవన్నీ వెళ్ళి జాక్ ఒళ్ళో కూర్చున్నాయి. సెమీఫైనల్లో వాల్డానే ఓడించాను, రెండు లెక్కల తేడాతో. జన్మలో మొదటిసారి ఫైనల్‌కు వచ్చాను. ఎదురు లినెట్. తక్కువ తేడాతో ఓడింది వాల్డాయే కాబట్టి, రివాజు ప్రకారం మార్కర్ వాల్డా. కమిటీ గొంతు సవరించుకుంది. పక్క ఊరి నుంచి ఎవరినైనా పిలిపిద్దామా అన్నారు. లినెట్ అడ్డుపడింది.

"వద్దండీ. రివాజు రివాజే. వాల్డానే ఉండనివ్వండి."

ఎంత మంచి మనసు అనుకున్నాను. మొదటి బంతి వేసేదాకా అలాగే అనుకున్నాను.

లినెట్ మొదటి బంతి జాక్‌కు గజం దూరంలో ఆగింది. ఆవిడ చాప మీద నుంచే, నవ్వుతూ, అందరికీ వినపడేలా అడిగింది:

"తగిలిందా, వాల్డా?"

గజం దూరం. గుడ్డివాడికి కూడా తెలుసు తగల్లేదని. కానీ అడిగితే మార్కర్ జవాబు చెప్పాలి.

"లేదు" అంది వాల్డా.

రెండో బంతి. "తగిలిందా, వాల్డా?" "లేదు." మూడో బంతి. నాలుగోది. ప్రతి బంతికీ. నా బంతులకు కూడా అడిగింది. గట్టు మీద మొదట ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. ఎండలో వాల్డా వెన్ను నిటారుగా పెట్టుకుని, ఒకే గొంతుతో, లేదు, లేదు, లేదు అంటూ నిలబడింది. ఒకసారి బంతి తగిలితే తగిలిందని చెప్పి గీత పెట్టింది. లినెట్ తలూపింది. ఆ నవ్వు వెనక ఇంత ఉందా అనిపించింది నాకు. చేతిలో బంతి ఆవిడ మీదికి విసరకుండా ఎలా ఆగానో నాకే తెలీదు. ఆ కోపంలోనే అనుకుంటాను, బ్రహ్మాండంగా ఆడాను. ఇరవై మూడు నావి, ఇరవై ఆవిడవి.

ఆ రౌండులో జాక్ గాడి అంచున ఉంది. నా బంతులు రెండు దానికి అడుగు పక్కగా, అవే అన్నిటికంటే దగ్గర. అలాగే ఉంటే నాకు రెండు, ఇరవై అయిదు, ఆట నాది. లినెట్ ఆఖరి బంతి వేసింది. వంపు తిరిగి, జాక్ పక్క నుంచి పోయి, గాడిలో పడింది. నా బంతులు అయిపోయి నేను జాక్ పక్కకే వచ్చి నిలబడి ఉన్నాను. నాకేమీ కనపడలేదు. గట్టు మీద కూర్చున్నవాళ్ళకూ కనపడలేదు. బోర్డు మీద నా పేరు కనిపించింది, ఒట్టు, బంగారు రంగులో.

వాల్డా చెయ్యి జేబులోకి పోయింది.

అవతలి చివర లినెట్ అడగడానికి నోరు తెరిచింది. ఆవిడ అడగకముందే వాల్డా సుద్ద బయటికి తీసింది. మోకాలి నొప్పితో మెల్లగా గాడిలోకి వంగి, ఆ బంతి మీద గీత పెట్టింది. అందరికీ కనపడేలా, లావుగా.

లినెట్ తెరిచిన నోరు మూసుకుంది.

నా రెండు పోయాయి. గాడిలోదే జాక్‌కు దగ్గర కాబట్టి ఆవిడకు ఒకటి వచ్చింది, ఇరవై ఒకటి. ఆ తర్వాత నా చేతులు నావి కావు. వేసిన బంతి వేసినట్టు పక్క వరసలోకి పోయింది. లినెట్ ఒక్కొక్కటే పోగేసుకుని ఇరవై అయిదు చేసింది. ఆ చివరి బంతుల్లో ఒక్కదానికి కూడా ఆవిడ తగిలిందా అని అడగలేదు. ఆట అయ్యాక ముందు నా దగ్గరికి రాలేదు. వాల్డా దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది. వాల్డా సుద్ద అంటిన చెయ్యి స్కర్టుకు తుడుచుకుని, ఇచ్చింది.

వంటగదిలో కప్పులు కడుగుతుంటే వాల్డా తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది. నేను ఆగలేకపోయాను.

"ఎవరికీ కనపడలేదు కదే. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది?"

"ఒకసారి మూసుకున్నాను కదే" అంది వాల్డా.

కప్పు తుడిచి పెట్టింది. ఇంకోటి అందుకుంది. బయట ఎవరో రెండు బంతుల దగ్గర తగువు పడుతున్నారు. టేపు కోసం ఒకరు లేచారు. ఇంకొకరు, "టేపెందుకు? వాల్డా లోపలే ఉందిగా, పిలవండి" అన్నారు. తువ్వాలు భుజం మీద వేసుకుని వాల్డా బయటికి వెళ్ళింది. నడుస్తున్నట్టు లేదు, ఇరవయ్యేళ్ళ పిల్లలా వెళ్ళింది.

ఆమెకు ఆమె కన్ను తిరిగొచ్చింది. లినెట్‌కు బోర్డు మీద పేరొచ్చింది. నొరీన్‌ది ఎలాగూ ఉంది. నాది లేదు. ఇప్పుడు ఆ వంకర 'ఎన్' నాకు కూడా వంకరగానే కనిపిస్తోంది. అందుకే శనివారాలు టీ వేళ బోర్డుకు వీపు పెట్టి కూర్చుంటున్నాను. వాల్డా ఏమీ అడక్కుండా కుర్చీ జరుపుకుని నా పక్కనే, అటే తిరిగి కూర్చుంటుంది. తన స్పాంజిలో పెద్ద ముక్క నా ప్లేటులో పెడుతుంది. లినెట్‌దే బాగుంటుంది, కానీ తింటాను.